రక్తంలో తిరిగే అణువులు, మీదపడే వయసు: తరచుగా అడిగే ప్రశ్నలు

గుంటూరు బృందావన్ గార్డెన్స్‌లోని స్టేడియానికి ఉదయం నడకకు వచ్చేవారిలో చాలామందికి నేను ల్యాబులో పనిచేసి రిటైరైన మనిషినని తెలుసు. అందుచేత వయసు గురించి, ప్లాస్మా గురించి ఏ వీడియో వాట్సాప్‌లో తిరిగినా అది రెండో రౌండు పూర్తికాకముందే నా దాకా వస్తుంది. అవే అనుమానాలు మళ్లీ మళ్లీ వస్తున్నందున, అడిగినవారి మాటల్లోనే వాటిని రాసి జవాబులు పెట్టాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు.

## మొట్టమొదట అడిగేవి

ముసలితనం ఒళ్లంతటికీ వచ్చేది కదండీ, రక్తాన్ని వేరుగా ఎందుకు చూస్తున్నారు?

ఒంట్లోని అవయవాలన్నింటికీ ఉమ్మడిగా ఉన్నది రక్తమే కాబట్టి. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఊరికే కూర్చున్నా గుండె దాదాపు నిమిషానికొకసారి ఆ మొత్తాన్నీ తిప్పుతుంది. కాలేయం వదిలిన ప్రొటీన్ మెదడు గడప దాకా వెళుతుంది, పొట్ట చుట్టూ చేరిన కొవ్వు వదిలినది కండరాన్ని చేరుతుంది. ఒక అవయవానికి వయసు మీదపడితే ఆ కబురు మిగిలినవాటికి అందే దారి ఇదే.

అయితే రక్తంలో వయసుతో మారే ప్రతి అణువూ వయసును పెంచుతోందని అనుకోకూడదు. కొన్ని కేవలం సాక్షులు, కొన్ని మాత్రమే ముద్దాయిలు. ఈ తేడా చెప్పకుండా ఏ అణువు పేరు పలికినా ఆ వార్తను నేను సగమే నమ్ముతాను.

రక్తంలో తిరిగే అణువులంటే ఎర్రకణాలు, తెల్లకణాలేనా?

కావు. ఊదారంగు మూత ఉన్న గొట్టంలోకి తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో పది నిమిషాలు తిప్పి బయటికి తీస్తే అది మూడు పొరలుగా విడిపోయి ఉంటుంది. అడుగున ముదురు ఎరుపులో ఎర్రకణాలు, వాటి మీద గోటి అంచంత పలచగా తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ కలిసిన పొర, ఆ పైన సగానికి కాస్త ఎక్కువగా లేత గడ్డిరంగులో ప్లాస్మా. పరగడుపున రమ్మంటే నేతి పెసరట్టు తిని వచ్చినవారి ప్లాస్మా పలచటి మజ్జిగలా తెల్లగా మసకబారి ఉంటుంది. మీరు ఏమీ తినలేదని ఒట్టు పెట్టినా గొట్టం ఒప్పుకోదు.

ఆ ప్లాస్మాలో దాదాపు తొంభై శాతం నీళ్లే. మిగిలినదానిలో ఆల్బుమిన్, యాంటీబాడీలు, గడ్డకట్టించే ప్రొటీన్లు, హార్మోన్లు, చక్కెర, కొవ్వులు, ఒక కణం మరొక కణానికి పంపే సంకేత ప్రొటీన్లు ఉంటాయి. వయసు చర్చలో ఎక్కువగా వినిపించేవి ఈ చివరివి. ఆల్బుమిన్‌ను డెసిలీటరుకు గ్రాముల్లో కొలిస్తే, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి సంకేత ప్రొటీన్‌ను మిల్లీలీటరుకు పికోగ్రాముల్లో కొలుస్తారు. రెండింటికీ మధ్య దాదాపు వెయ్యి కోట్ల రెట్ల తేడా. ఈ రంగంలో పేచీలన్నీ ఎందుకు వస్తున్నాయో ఈ ఒక్క లెక్కతో తెలుస్తుంది.

పుట్టిన తేదీ ఒకటే కదా, మళ్లీ ఈ ‘బయలాజికల్ ఏజ్’ ఏమిటి?

అరవయ్యేళ్ల ఇద్దరిలో ఒకరు మెట్లు గబగబా ఎక్కుతారు, మరొకరు మధ్యలో ఆగి ఆయాసపడతారు. ఆ తేడాను అంకెలో చెప్పే ప్రయత్నమే ఇది. 2013లో స్టీవ్ హోర్వత్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏ మీద 353 చోట్ల ఉండే మిథైల్ గుర్తుల (డీఎన్‌ఏకు అతుక్కునే చిన్న రసాయన గుర్తుల) ఆధారంగా వయసును అంచనా వేసే పద్ధతిని ప్రకటించారు. ఆ తరువాత ప్రొటీన్లతో, మామూలు రక్తపరీక్షలతో చేసేవి కూడా వచ్చాయి. అన్నీ గణాంకాల మీద కట్టిన అంచనాలే తప్ప థర్మామీటరు చూసినట్టు నేరుగా చూసేవి కావు.

## ఎలుకల ప్రయోగాల సంగతి విన్నాక

పడుచు ఎలుక రక్తం కలిపితే ముసలి ఎలుక మళ్లీ పడుచుదైందట, నిజమేనా?

ప్రయోగం నిజమే, చెప్పే తీరులోనే అతిశయం ఉంది. రెండు ఎలుకల చర్మాన్ని పక్కభాగంలో కోసి కలిపి కుడితే కొద్దిరోజుల్లో సన్నని రక్తనాళాలు పెరిగి రెండింటి రక్తమూ కలిసి తిరుగుతుంది. దీన్ని పారాబయోసిస్ అంటారు. ఫ్రాన్సులో పాల్ బెర్ట్ 1860లలోనే దీన్ని చేసి చూపించారు. 1950లలో అమెరికాలోని కోర్నెల్ విశ్వవిద్యాలయంలో క్లైవ్ మెకే బృందం వయసు తేడా ఉన్న ఎలుకలను ఇలా జతచేసింది. 69 జంటలలో 11 జంటలు ఆ జత కుదరక వచ్చిన జబ్బుతోనే పోయాయి. ఒద్దిక లేని జంటలో ఒకటి రెండోదాని తలను కొరికివేసేది.

అందరి దృష్టినీ మళ్లించినది 2005లో స్టాన్‌ఫర్డ్‌లో ఇరీనా కాన్బాయ్, మైకేల్ కాన్బాయ్, థామస్ రాండో తదితరులు చేసిన ప్రయోగం. ఐదు వారాలు పడుచు ఎలుకతో కలిసి ఉన్న ముసలి ఎలుక కండరంలోని మూలకణాలు (కొత్త కణాలను పుట్టించేవి) గాయాన్ని మాన్పడంలో మళ్లీ చురుకయ్యాయి, కాలేయ కణాలు కూడా కొంత కోలుకున్నాయి. పడుచుదానికి మాత్రం నష్టమే జరిగింది.

ఇక్కడ గమనించవలసినది, కలిపి కుట్టినప్పుడు ముసలి ఎలుకకు వచ్చేది రక్తం ఒక్కటే కాదు. పడుచుదాని మూత్రపిండాలు, కాలేయం, ఊపిరితిత్తులు కూడా దాని రక్తాన్ని శుభ్రం చేసిపెడతాయి. అందుకే 2016లో కాన్బాయ్ బృందం కుట్టకుండా, గొట్టాల ద్వారా రక్తాన్ని మాత్రమే మార్చి చూసింది. పడుచు రక్తం ముసలి ఎలుకకు చేసిన మేలు కంటే, ముసలి రక్తం పడుచు ఎలుకకు చేసిన కీడే ఎక్కువగా కనిపించింది. వీడియోలలో ఈ సగం ఎప్పుడూ రాదు.

అయితే పడుచు రక్తంలో ఉన్న ఆ అమృతం పేరేమిటి?

ఒక్క పేరు లేదు. ఒకప్పుడు దొరికిందనుకున్నారు. 2013లో హార్వర్డ్‌లో ఏమీ వేజర్స్, రిచర్డ్ లీ బృందం జీడీఎఫ్-11 అనే ప్రొటీన్ ముసలి ఎలుకల గుండె గోడ మందాన్ని తగ్గించిందని ప్రకటించింది. మరుసటి ఏడాది కండరానికీ మెదడుకూ కూడా మేలు చేసిందన్నారు. 2015లో మందుల కంపెనీ నోవార్టిస్ శాస్త్రవేత్తలు ఆ కొలతనే ప్రశ్నించారు. వాడిన పరీక్ష జీడీఎఫ్-11నూ, దాని తోబుట్టువు వంటి మయోస్టాటిన్‌నూ విడదీయలేకపోయిందనీ, విడదీసి కొలిస్తే అది వయసుతో తగ్గడం లేదనీ, ఎక్కువైతే కండరం మానడం మందగిస్తుందనీ వారు చూపించారు. ల్యాబులో పనిచేసినవాడిగా నాకు ఇది వింతగా తోచలేదు. కిట్టు ఏది పట్టుకుంటోందో తేలకముందే రిపోర్టు రాస్తే ఇంతే.

ఆ తరువాత 2017లో మనిషి బొడ్డుతాడు ప్లాస్మాలోని టింప్-2 అనే ప్రొటీన్ ముసలి ఎలుకల జ్ఞాపకశక్తిని మెరుగుపరచింది. 2023లో ప్లేట్‌లెట్లు వదిలే పీఎఫ్-4 వంతు వచ్చింది. ఇవన్నీ మంచి ఆధారాలే. కానీ ఒక్క సీసాలో పోసి అమ్మదగిన పదార్థం వీటిలో ఏదీ కాదు.

ముసలి రక్తంలోనే ఏదో విషం చేరుతుందంటున్నారు, అది ఏమిటి?

విషం అనే మాట సరిపోదు గానీ, వయసుతో పెరిగి చెరుపు చేసే అణువులు ఉన్నమాట వాస్తవం. 2011లో స్టాన్‌ఫర్డ్‌లో సాల్ విల్లెడా, టోనీ విస్-కోరే బృందం సీసీఎల్-11 అనే సంకేత ప్రొటీన్ ముసలి ఎలుకలలోనూ వయసు మళ్లిన మనుషులలోనూ పెరుగుతుందని గుర్తించింది. దాన్ని పడుచు ఎలుకలకు ఎక్కిస్తే జ్ఞాపకాలకు కీలకమైన మెదడు భాగం హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పుట్టడం తగ్గింది, నేర్చుకోవడం మందగించింది. 2015లో బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ విషయంలోనూ ఇటువంటి ఫలితమే వచ్చింది. మూత్రపిండాలు దెబ్బతిన్నవారి రక్తంలో కూడా ఇది పెరుగుతుంది.

ఇంకొక మూలం, విభజించడం మానేసి చావకుండా మిగిలిపోయే కణాలు. కణాలు ఒక పరిమిత సంఖ్యలో మాత్రమే విభజన చెందగలవని 1961లో లియోనార్డ్ హేఫ్లిక్ చూపించారు. అలా ఆగిపోయిన కణాలు ఊరికే ఉండవు. ఇంటర్‌ల్యూకిన్-6 వంటి, వాపును రేపే ప్రొటీన్లను చుట్టూ వదులుతుంటాయి. జ్వరమూ నొప్పీ లేకుండా ఏళ్ల తరబడి కుంపటి నిప్పులా ఉండే ఈ వాపుకు 2000లో క్లాడియో ఫ్రాన్సెస్కీ ‘ఇన్‌ఫ్లమేజింగ్’ అని పేరు పెట్టారు.

నాకు అన్నింటికంటే ముఖ్యంగా తోచేది 2020లో అమెరికాలోని బర్కిలీలో జరిగిన ప్రయోగం. ముసలి ఎలుకల ప్లాస్మాలో దాదాపు సగాన్ని తీసివేసి, దాని స్థానంలో ఆల్బుమిన్ కలిపిన ఉప్పునీటిని ఎక్కించారు. పడుచు రక్తం చుక్క కూడా వాడలేదు. అయినా కండరం, కాలేయం, మెదడు మూడింటిలోనూ మెరుగుదల కనిపించింది. పులుసులో ఉప్పెక్కువైతే కొత్త దినుసు వేయకుండా నీళ్లు పోసి సరిచేసినట్టు అన్నమాట. ‘యవ్వన రక్తం’ అనే పేరే తప్పుదారి పట్టిస్తోందని నేను అనడానికి కారణం ఇదే.

క్లోథో అనే ప్రొటీన్‌కూ ఫాస్ఫరస్‌కూ సంబంధం ఉందట, ఏమిటది?

1997లో జపాన్‌లో మకోటో కురో-ఓ బృందం ఒక జన్యువు పాడైన ఎలుకలు రెండు నెలలకే ముసలివై చనిపోవడాన్ని గమనించింది. రక్తనాళాలు గట్టిపడ్డాయి, ఎముకలు గుల్లబారాయి. జీవితపు దారాన్ని వడికే గ్రీకు దేవత పేరు మీద ఆ జన్యువుకు క్లోథో అని పేరు పెట్టారు. ఈ ప్రొటీన్ ఎక్కువగా మూత్రపిండాలలో తయారవుతుంది, కొంత భాగం తెగి రక్తంలోకి వస్తుంది. అదనపు ఫాస్ఫేట్‌ను (ఒంట్లో ఫాస్ఫరస్ ఉండే రూపం) మూత్రంలోకి పంపే హార్మోన్‌కు ఇది తోడు. అది లేని ఎలుకలకు ఫాస్ఫేట్ తక్కువ ఉన్న తిండి పెడితే బాధలు చాలావరకు తగ్గాయి. 2023లో ముసలి కోతులకు చిన్న మోతాదు ఒక్కసారి ఇస్తే కనీసం రెండు వారాలపాటు జ్ఞాపకశక్తి మెరుగైంది.

రక్తంలోని ఫాస్ఫరస్‌ను కొలిచే ప్రసిద్ధ పద్ధతిని 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గొట్టంలో మెల్లగా చిక్కబడే ఆ నీలిరంగును చూసినవారికి ఆ పేరు మరుపు రాదు.

ఎలుకకు పనిచేసిందంటే మనకూ పనిచేయాలి కదా?

మనుషుల మీద చేసి చూశారు, ఫలితాలు అంత ఉత్సాహంగా లేవు. స్టాన్‌ఫర్డ్‌లో 18 మంది అల్జీమర్స్ రోగులకు యువకుల ప్లాస్మాను ఎక్కించిన పరిశీలన 2019లో వెలువడింది: పెద్ద ప్రమాదాలేవీ రాలేదు, జ్ఞాపకశక్తి మాత్రం మెరుగుపడలేదు. స్పెయిన్, అమెరికాలలో 14 నెలలపాటు జరిగిన మరొక పరిశీలనలో రోగుల ప్లాస్మాను తీసి ఆల్బుమిన్ ఎక్కించారు. జబ్బు మధ్యస్థ దశలో ఉన్నవారిలో క్షీణత నెమ్మదించినట్టు కనిపించింది, తొలిదశ వారిలో అంత స్పష్టంగా లేదు. పైగా ల్యాబు ఎలుకలన్నీ దాదాపు ఒకే జన్యువులతో, ఒకే తిండితో, ఒకే గదిలో పెరిగినవి. మన వీధిలో ఏ ఇద్దరూ అలా ఉండరు.

## పరీక్ష చేయించుకుందామనుకున్నప్పుడు

34, 60, 78 ఏళ్లప్పుడు ముసలితనం ఒక్కసారిగా దూకుతుందట?

ఇది 2019లో వచ్చిన ఒక పరిశోధన నుంచి పుట్టిన మాట. 4,263 మంది ప్లాస్మాలో 2,925 ప్రొటీన్లను కొలిచినప్పుడు, మార్పులు ఏటా సమానంగా కాక ఆ మూడు వయసుల దగ్గర అలలుగా ఎక్కువైనట్టు తేలింది. అయితే అది వేర్వేరు వయసుల వేర్వేరు మనుషులను పోల్చి వేసిన సగటు. ఒకే మనిషిని ఏళ్ల తరబడి వెంటాడి చూసినది కాదు. అరవయ్యో పుట్టినరోజుకు భయపడనక్కరలేదు.

ఒక్క రక్తపరీక్షతో గుండె వయసు ఇంత, మెదడు వయసు ఇంత అని చెప్పేస్తారా?

పరిశోధనలో చెప్పగలుగుతున్నారు. 2023లో 5,676 మంది ప్లాస్మా ప్రొటీన్లతో 11 అవయవాల వయసును అంచనా వేశారు. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఏదో ఒక అవయవం మిగిలినవాటికంటే ముందుగా ముసలిదైనట్టు కనిపించింది. ఇది మన ఊరి ల్యాబులో డాక్టరు రాసే పరీక్ష స్థాయికి ఇంకా రాలేదు.

బయలాజికల్ ఏజ్ టెస్టుకు వేలు పెట్టమంటారా?

నేనైతే పెట్టను. మా నడక బృందంలోని ఒకాయన రెండు కంపెనీలకు ఒకే వారంలో నమూనాలు పంపారు. ఒకరు ఆయన్ను వయసుకంటే చిన్నవాణ్ణి చేశారు, మరొకరు పెద్దవాణ్ణి చేశారు. ఆయన చిన్నగా చూపిన రిపోర్టును ఇంట్లో ఫ్రిజ్ మీద అంటించుకున్నారు, రెండోది బీరువాలో పెట్టారు. ఇది ఆ కంపెనీల తప్పు మాత్రమే కాదు. ఒకే రక్తనమూనాను రెండుసార్లు పరీక్షించినా మిథైల్ గుర్తులతో వయసు లెక్కించే కొన్ని పద్ధతులు తొమ్మిదేళ్ల దాకా తేడా చూపగలవని 2022లో తేలింది.

మామూలు ల్యాబు రిపోర్టులో దీనికి పనికొచ్చేవి ఏమున్నాయి?

చాలానే ఉన్నాయి. 2018లో మోర్గన్ లెవీన్ బృందం వయసుతోపాటు తొమ్మిది మామూలు పరీక్షలను కలిపి ఒక సూత్రం తయారుచేసింది: ఆల్బుమిన్, క్రియాటినిన్, చక్కెర, సీఆర్‌పీ (వాపును చూపే ప్రొటీన్), ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, తెల్లకణాల సంఖ్య, వాటిలో లింఫోసైట్ల శాతం, ఎర్రకణాల సగటు పరిమాణం, ఆ పరిమాణంలో ఉండే తేడా. గుంటూరు కొత్తపేటలోనో, విజయవాడ సూర్యారావుపేటలోనో ఏ ల్యాబుకు వెళ్లినా ఇవి దొరుకుతాయి. ఒక్కసారి చేయించి కంగారుపడే బదులు ఏడాదికొకసారి ఒకే ల్యాబులో చేయించి, పాత కాగితాలు పారేయకుండా పక్కపక్కన పెట్టి డాక్టరుకు చూపించండి. ఎర్రకణాల పరిమాణాల తేడాను చూపే ఆర్‌డీడబ్ల్యూ అనే అంకెను సాధారణంగా ఎవరూ చదవరు, నాకు దాని మీద గౌరవం ఎక్కువ.

## చికిత్స ప్రకటన చూశాక

ప్లాస్మా ఎక్కించుకుంటే యవ్వనం తిరిగొస్తుందని వీడియోలో చెప్పారు, డబ్బు పెట్టవచ్చా?

వద్దు. అమెరికాలో ఒక కంపెనీ యువకుల ప్లాస్మాను లీటరుకు 8,000 డాలర్లకు ఎక్కించేది. 2019 ఫిబ్రవరిలో అక్కడ మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ, ఇటువంటి చికిత్సలకు నిరూపితమైన ప్రయోజనం లేదని, ప్రమాదాలున్నాయని హెచ్చరించిన తరువాత ఆ కంపెనీ దాన్ని ఆపివేసింది. 2023లో బ్రయాన్ జాన్సన్ అనే ధనికుడు తన కొడుకు ప్లాస్మాను ఎక్కించుకుని, ప్రయోజనం కనిపించలేదని తానే ప్రకటించారు. అలర్జీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, గుండె మీద భారం పడడం ప్లాస్మాతో వచ్చే నిజమైన ప్రమాదాలు. ప్రాణం నిలబెట్టడానికైతే వాటికి సిద్ధపడతాం, ముడతలు పోగొట్టుకోవడానికి కాదు.

మోజు కొత్తది కూడా కాదు. రక్తమార్పిడితో యవ్వనం నిలుపుకోవచ్చని నమ్మిన రష్యన్ వైద్యుడు అలెగ్జాండర్ బొగ్దానోవ్, మలేరియా, క్షయ ఉన్న ఒక విద్యార్థితో రక్తం మార్చుకుని 1928లో మరణించారు.

మా మనవడే రక్తం ఇస్తానంటున్నాడు, సొంతవాడిదైతే మంచిదే కదా?

సొంతవాడిదైతేనే ఒక ప్రమాదం ఎక్కువ. దగ్గరి రక్తసంబంధీకుల తెల్లకణాలను మన ఒళ్లు పరాయివిగా గుర్తించకపోవచ్చు. అవి లోపల స్థిరపడి మన కణజాలం మీదే దాడిచేయవచ్చు. అరుదుగా వస్తుంది గానీ వస్తే బతకడం కష్టం. అందుకే బంధువుల రక్తం తప్పనిసరైతే దాన్ని రేడియేషన్‌తో శుద్ధిచేసి ఇస్తారు. ఇక బయటివారి దగ్గర కొనే మాట అసలే వద్దు: సుప్రీంకోర్టు తీర్పు మేరకు మన దేశంలో డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం 1998 జనవరి 1 నుంచి నిషిద్ధం. మనవడికి అంత మనసుంటే బ్లడ్ బ్యాంకుకు వెళ్లి అవసరమైనవారికి ఇమ్మనండి.

రక్తదానం చేస్తే పాత రక్తం పోయి వయసు తగ్గుతుందా?

అలా నిరూపణ కాలేదు. ఒకసారి తీసేది 350 లేక 450 మిల్లీలీటర్లు. పోయిన ప్లాస్మా ద్రవం ఒకటి రెండు రోజుల్లోనే తిరిగి నిండుతుంది. ఎలుకలలో సగం ప్లాస్మాను మార్చినదానికీ దీనికీ పోలిక లేదు. దానం ఇతరుల కోసం చేయండి. మగవారు 90 రోజులు, ఆడవారు 120 రోజులు ఆగి మళ్లీ ఇవ్వవచ్చు.

టారిన్ మాత్రలు వాడమంటున్నారు, వాడవచ్చా?

2023లో టారిన్ (ఒంట్లో సహజంగానే ఉండే ఒక అమైనో ఆమ్లం) వయసుతో తగ్గుతుందని, ఇస్తే ఎలుకల ఆయుష్షు పెరిగిందని ఒక పరిశోధన చెప్పింది. 2025లో మరొక పరిశోధన ఒకే మనుషులను ఏళ్ల తరబడి గమనించి, అది వయసుతో నిలకడగా తగ్గడం లేదని, కొందరిలో పెరుగుతోందని చూపించింది. ఇప్పటికి ఆ సీసా కొట్లోనే ఉండనివ్వండి.

రక్తశుద్ధి టానిక్ తాగితే ఈ చెడ్డవన్నీ పోవా?

పోవు. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడగడతాయి. వాటిని బీపీ నుంచి, షుగరు నుంచి, అయినదానికీ కానిదానికీ మింగే నొప్పిమాత్రల నుంచి కాపాడితే చాలు.

## రోజువారీ జీవితానికి వచ్చేసరికి

రోజూ నడిస్తే రక్తంలో నిజంగా ఏమైనా మారుతుందా, ఊరికే చెబుతారా?

మారుతుంది. 2020లో విల్లెడా బృందం వ్యాయామం చేసిన ఎలుకల ప్లాస్మాను కదలకుండా ఉన్న ముసలి ఎలుకలకు ఎక్కిస్తే, వాటి హిప్పోక్యాంపస్‌లో కొత్త నాడీకణాలు పెరిగాయి, జ్ఞాపకశక్తి మెరుగైంది. కారణాలలో ఒకటిగా కాలేయం వదిలే జీపీఎల్‌డీ-1 అనే ఎంజైమును గుర్తించారు; చురుకుగా తిరిగే పెద్దవారి రక్తంలోనూ అది ఎక్కువగానే ఉంది. విచిత్రమేమిటంటే ఆ ఎంజైము మెదడులోకి పెద్దగా వెళ్లదు, బయటే ఉండి మేలు చేస్తుంది.

మరొక తమాషా ఇంటర్‌ల్యూకిన్-6 విషయంలో ఉంది. కొవ్వు నుంచి, ముసలి కణాల నుంచి రోజంతా కొద్దికొద్దిగా కారినప్పుడు అది వాపుకు గుర్తు. పనిచేసే కండరం దాన్నే ఒక్కసారిగా వదిలి, విశ్రాంతిలో తగ్గించుకుంటే అది వాపును అణచే ఇతర అణువులను పిలుస్తుంది. అందుకే వేగంగా నడిచి వచ్చిన వెంటనే ఇటువంటి పరీక్షలకు రక్తం ఇవ్వవద్దని చెప్పేవాణ్ణి.

షుగరు ఉన్నవాళ్లకు వయసు త్వరగా మీదపడుతుందంటారు, ఎందుకు?

చక్కెర అణువు ప్రొటీన్‌కు అతుక్కుంటుంది. పెనం మీద దోసె ఎర్రబడేటప్పుడు జరిగే రసాయన చర్యే ఒంట్లో తక్కువ వేడి మీద, నెలల తరబడి జరుగుతుంది. ఎర్రకణం సుమారు 120 రోజులే బతుకుతుంది కాబట్టి దానిలోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అతుక్కుందో చూపే హెచ్‌బీఏ1సీ మూడు నెలల లెక్క చెబుతుంది, 6.5 శాతం, ఆపైన ఉంటే మధుమేహం. అయితే రక్తనాళాల గోడల్లోని కొల్లాజెన్, కంటి కటకంలోని ప్రొటీన్ ఎర్రకణాల్లా మారిపోయేవి కావు. ఏళ్ల తరబడి అతుక్కున్నది అక్కడే ఉండి, గోడలను బిరుసెక్కిస్తుంది, కటకాన్ని మసకబారుస్తుంది.

అరవై దాటాక ఇవన్నీ మొదలుపెట్టి ఏం లాభం? రక్తం ముసలిదైపోయింది కదా?

ఆ అంకె ఒకే దిక్కుకు పోయేది కాదు. 2023లో వెలువడిన ఒక పరిశోధనలో, తుంటి ఎముక విరిగి అత్యవసరంగా ఆపరేషన్ చేయించుకున్న వృద్ధుల రక్తం ప్రకారం వారి బయలాజికల్ ఏజ్ మరుసటి ఉదయానికే పెరిగింది, నాలుగు నుంచి ఏడు రోజులలో మళ్లీ మామూలు స్థాయికి వచ్చింది. గర్భం దాల్చినప్పుడు పెరిగినది కాన్పు తరువాత తగ్గింది. ఇంకొక మాట, ప్రయోగాలలో కోలుకున్న ఎలుకలన్నీ అప్పటికే ముసలివి. కాబట్టి జ్వరమో, ఆపరేషనో, ఇంట్లో కష్టమో గడిచిన వారంలో బయలాజికల్ ఏజ్ పరీక్ష చేయించినా ఆ అంకెను పట్టించుకోకుండా, నెల ఆగి మళ్లీ చేయించండి.